పెంతెకొస్తుకు ముందు నూట ఇరవై మొక్కలు

మా సంఘానికి కొత్త ప్రసంగీకుడెవరైనా వచ్చి, ప్రభువు రాకడకు ఇంకెన్ని నెలలున్నాయో లెక్క తేల్చి చెప్పినప్పుడల్లా బొడ్డమ్మ ఒక్క ప్రశ్న అడిగేది.

"ఏ నెల బాబూ? నీళ్లు మొయ్యాల్సిన నెలా, వానలు పడే నెలా?"

వచ్చినవాడికి అది అర్థమయ్యేది కాదు. అర్థమైన మా తాత సీతారాం మాత్రం నేలచూపులు చూసేవాడు. చిన్నప్పుడు ఆయన్ని అలా చూస్తే నాకు నవ్వొచ్చేది. కథంతా తెలిశాక కోపం వచ్చింది. మా తాతంటే నాకు ప్రాణమే, అయినా 1918 ఎండాకాలంలో ఆయన చేసిన పనిని వెనకేసుకు రాలేను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ, రాస్తాను.

మా గవ్వలపేట ఉద్దానంలో సముద్రానికి కోసెడు దూరాన ఉంది. పలాస స్టేషనులో రైలు దిగి, కాశీబుగ్గ దాటి, బండి మీద ఒక పూటంతా ప్రయాణం చేస్తే ఇసక మొదలవుతుంది. ఆ ఇసకలో మావి తొమ్మిది ఇళ్లు. తొమ్మిదీ క్రైస్తవుల ఇళ్లే, ఆ ఇళ్లలోని మగవాళ్లంతా ఊరి రైతుల దగ్గర కంబార్లే. ఏడాదికింత అని ధాన్యం తీసుకుని దుక్కి దున్ని, పెంట మోసి, కాయ దింపి బతికేవాళ్లు. కాలు కింద పెడితే ఆ నేల ఇంకొకరిది. చచ్చిపోతే పూడ్చడానికి కూడా జాగా ఉండేది కాదు. ఊరి రైతులు తమ పొలాల దాపున పూడ్చనిచ్చేవాళ్లు కారు. మొగలి పొదలు దాటి సముద్రం ఒడ్డున గొయ్యి తీసేవాళ్లు.

బొడ్డమ్మ తోకచుక్క కనిపించిన ఏడు, భర్త పోలయ్యతోపాటు బాప్తిస్మం తీసుకుంది. బాప్తిస్మం ఇచ్చిన మిషను దొరగారు ఆమెకు రూతు అని పేరు పెట్టబోయాడట.

"రూతెవులో నాకు తెల్దు బాబూ. పిలిత్తే పలకాల కదా. బొడ్డమ్మనే ఉండనీండి" అంది. దొర నవ్వి ఊరుకున్నాడు.

తరవాత రెండేళ్లకు తొమ్మిదేళ్ల కూతురు మసూచి వచ్చి పోయింది. ఒడ్డున పూడ్చారు. ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుపానుకు సముద్రం లోపలికి వచ్చి ఆ గోరీని పట్టుకుపోయింది. మర్నాడు బొడ్డమ్మ వెళ్లి చూస్తే అక్కడ చదునైన తడి ఇసక తప్ప ఏమీ లేదు. ఇంకో ఏడాదికి పోలయ్య జ్వరంతో పోయాడు. ఇంత జరిగినా ఆమె పనికి పోవడం మానలేదు, ఆరాధనకు రావడం మానలేదు. కానీ మా తాతను పట్టుకుని, "మరిదీ, మనకి మన నేలంటూ ఉండాల. పిల్లని పూడిస్తే పిల్ల అక్కడే ఉండాల" అని రోజూ నసపెట్టడం మొదలుపెట్టింది. మా తాత ఆమెకు మరిది వరస. సంఘానికి పెద్ద కూడా.

ఆ నస వల్లనే 1915లో తొమ్మిది ఇళ్లవాళ్లూ కలిసి జమీందారీ ఎస్టేటు వారి దగ్గర ఒక ఇసకదిబ్బను కౌలుకు అడిగారు. ఉద్దానంలో బంజరు ఇసక మీద కొబ్బరి వేయించడానికి ఎస్టేటు వారు పెట్టిన షరతు ఒకటుంది. మొక్క వేశాక మూడు ఎండాకాలాలు గడవాలి. మూడో ఎండాకాలం చివర, రోహిణి కార్తె ముందు, ఎస్టేటు ఉద్యోగి అమీను వచ్చి లెక్కపెడతాడు. మూడింట రెండొంతులు బతికుంటే నేల శాశ్వతంగా వాళ్ల పేర రాస్తాడు. ఒక్కటి తగ్గినా దిబ్బ వెనక్కి పోతుంది. ఇంటికి ఇరవై చొప్పున నూట ఎనభై మొక్కలు నాటారు. చీట్లు వేసి వరసలు పంచుకుంటే బొడ్డమ్మకు దిబ్బ నెత్తిమీది వరస వచ్చింది. నీళ్లుండేది దిబ్బ కింద తవ్విన చెలమలో. అంటే అందరికన్నా దూరం ఆమెకే.

ఇసకలో కొబ్బరి మొక్కను బతికించడం పసిపిల్లను పెంచడం లాంటిది. మొదటి మూడేళ్లూ ఎండాకాలమంతా కడవలతో నీళ్లు పొయ్యాలి, తాటాకు నీడ కట్టాలి, నడుమ చిగురు పొడిచే మొవ్వు కుళ్లకుండా చూసుకోవాలి. రెండు ఎండాకాలాలు వంతులు వేసుకుని అందరూ మోశారు. ఒక్క మొక్క కూడా పోలేదు.

మూడో ఎండాకాలం రాబోతుండగా సమాధానం గారు వచ్చారు.

ఆయన గోదావరి వైపు మనిషి. ఏ మిషనుకూ చెందకుండా, చేతిసంచీలో వేదపుస్తకం, పలక, పాత పత్రికలు పెట్టుకుని ఊరూరా తిరిగే ఉపదేశి. మోసగాడైతే కథ సులువుగా ఉండేది, నేనూ నాలుగు తిట్లు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. ఆయన మోసగాడు కాడు. రోజుకొక్క పూటే తినేవారు. ఎవరిచ్చిందీ దాచుకునేవారు కాదు. ఒక్కగానొక్క కొడుకు యుద్ధానికి కూలీల దళంలో మెసొపొటేమియా వెళ్లి అక్కడే పోయాడు. ఎక్కడ పూడ్చారో కూడా ఆయనకు తెలియదు.

1918 జనవరిలో జీడిమామిడి చెట్ల కింద మా వాళ్లందర్నీ కూర్చోబెట్టి ఆయన పలక తీశారు. ప్రవక్తకు ఒక దినమంటే మనకు ఒక సంవత్సరం అన్నారు. దానియేలు చెప్పిన దినాల్ని ఏళ్లుగా మార్చి కూడారు, తీసేశారు. యోహానుకు దర్శనంలో కనిపించిన మృగం ఎవరో, దాని కొమ్ములు ఏ రాజులో పత్రికల్లోంచి పేర్లు చదివారు. కిందటి నెలలోనే యెరూషలేము తురకల చేతిలోంచి పోయిందనీ, అది ఆఖరి గురుతనీ చెప్పారు. ఆత్మ దిగిన పెంతెకొస్తు పండుగనాడే ప్రభువూ దిగుతాడని తేల్చారు. మే నెల పంతొమ్మిదో తారీకు ఆదివారం. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనే నిర్ణయించారు, ఎక్కడ ఆపాలో కూడా ఆయనే నిర్ణయించారు. మధ్యలో కూడికలో మాత్రం తప్పు లేదట. మా తాత నాకు ఇది ఎంతో గౌరవంగా చెప్పేవాడు.

ఆ రోజు ఆయన చెప్పిన ఇంకో మాట బొడ్డమ్మ గుండెలో పడింది.

"ఆ దినమున సముద్రం తనలో ఉన్న మృతులను తిరిగి అప్పగిస్తుందమ్మా. ఒక్కరిని కూడా దాచుకోదు" అన్నారు.

బొడ్డమ్మ పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ కథ ఎప్పుడు చెప్పినా ఆమె ఈ సంగతి దాచేది కాదు. "నాను నమ్మినాను. ఆయన సెప్పిందాంట్లో నా పిల్ల ఉంది కదా" అనేది.

ఫాల్గుణంలో ఉపదేశి గారు ఇంకో మాట చెప్పారు. లోతు భార్య వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైపోయింది, మీరు వెనక్కి చూసేది ఆ కొబ్బరి తోట, దాన్ని విడిచిపెట్టండి అన్నారు. నౌపడా ఉప్పు కొటారుల్లో గుట్టలు చూసినవాళ్లకు ఆ మాట ఇట్టే ఎక్కింది. మా తాత పెద్దరికంతో సంఘం తీర్మానం చేసింది. పెంతెకొస్తు దాకా ఎవరూ తోటలో అడుగు పెట్టకూడదు, అటువైపు తల తిప్పకూడదు. విశ్వాసానికి గురుతుగా, మొక్కలేవైనా పోతే వాటి చోట నాటడానికి పాకలో ఉంచిన మొలకెత్తిన విత్తనపు కాయల్ని కూడా పగలగొట్టి, లోపలి కొబ్బరి పువ్వును అందరూ పంచుకు తిన్నారు. పాటలు పాడుకుంటూ తిన్నారు. బొడ్డమ్మ కూడా ఒక ముక్క తింది. రుచిగానే ఉందట.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రైతుల పొలాల్లో కంబారితనం మాత్రం ఎవరూ మానలేదు. మానితే ఆ పూట గింజలుండవు మరి. లోకం అంతమవుతుందని వీళ్లు మానుకున్నది సొంత పని ఒక్కటే.

బొడ్డమ్మ రెండు వారాలు తీర్మానానికి కట్టుబడింది. మూడో వారం ఉండబట్టలేక ఉపదేశి గారిని అడిగింది, ప్రభువు రాకపోతే ఎలాగని. ఆ ప్రశ్నే అవిశ్వాసమన్నారు ఆయన. దాంతో ఆమె చద్దిమూట కట్టుకుని టెక్కలికి నడిచింది. అక్కడ మిషను గుడిలో ముసలి పాస్టరు జోగయ్య గారుండేవారు, బాప్తిస్మానికి ముందు ఆమెకు వేదం చెప్పిన మనిషి. కళ్లు సరిగా కనపడవు గాని మాట పదునుగానే ఉండేది.

"యోహాను చూసిన ఆ దర్శనం పంచాంగం కాదమ్మా" అన్నారాయన. "రోము రాజులు మనవాళ్లని సింహాలకు వేస్తున్న కాలంలో, ధైర్యంగా ఉండండి, ఈ రాజు కూడా పోతాడు అని చెప్పడానికి రాసిన ఉత్తరం. ఆ మృగం అప్పటిది. ఇప్పుడూ ఉంటుంది, ఎక్కడ బలవంతుడు బీదవాణ్ణి తొక్కుతాడో అక్కడ. అంకెలు కూడితే దొరికేది కాదు."

అక్కడే ఉన్న దొరగారు అందుకు ఒప్పుకోలేదట. ముందు లోకమంతా సువార్త వింటుంది, బళ్లూ ఆసుపత్రులూ వస్తాయి, యుద్ధాలు ఆగుతాయి, ఆ మంచి కాలమంతా గడిచాకే ప్రభువు వస్తాడు, కాబట్టి కంగారు లేదు అన్నాడు. యుద్ధం నాలుగేళ్లుగా ఆగనే లేదు కదా దొరా అన్నారు పాస్టరు గారు. ఇద్దరూ ఆమె ఎదుటే గంటసేపు వాదించుకున్నారు. ఆమె మాత్రం వాళ్లు పెట్టిన అన్నం తిని, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ నడక మొదలుపెట్టింది.

ఇరవై మైళ్లు నడుస్తూ ఆమె తేల్చుకున్నది ఇది. ముగ్గురూ చదువుకున్నవాళ్లు, ముగ్గురూ దేవుడంటే భయమున్నవాళ్లు, ఒకే పుస్తకం చదివి మూడు రకాలుగా చెప్పారు. వాళ్లలో ఎవరు ఒప్పో తేల్చే తెలివి తనకు లేదు. కానీ జోగయ్య గారి మాట నిజమైతే మొక్కకు నీళ్లు కావాలి. దొర మాట నిజమైనా నీళ్లు కావాలి. సమాధానం గారి మాట నిజమైతేనే అక్కర్లేదు. అక్కడైనా ఆమెకు ఒక అనుమానం మిగిలింది. దాన్ని తరవాతి ఆదివారం నిలబడి అందరిముందూ అడిగేసింది.

"అయ్యగారూ, ఆ దినాన ఇద్దరాడోలు తిరగలి ఇసురుతుంటారనీ, ఒకర్తిని తీసుకెల్లిపోయి ఇంకొకర్తిని ఒగ్గేత్తారనీ మీరే సదివినారు. నాను సరిగ్గా ఇన్నానా?"

"విన్నావమ్మా."

"మరి ఆ తీసుకెల్లిపోయిన మనిసి కూడా అప్పుడు తిరగలి కాడే ఉంది కదా. ఇసరడం మానీసి వీధరుగు మీద కూకోలేదు. ఆయనొచ్చినప్పుడు నాను సెలమ కాడ దొరికితే తప్పేటి?"

ఉపదేశి గారు జవాబు చెప్పేలోగా మా తాత లేచి నిలబడ్డాడు.

"వదినా, సంగం అందరూ కలిసి మాటనుకున్నాం. నువ్వు తోటలోకెల్తే మాట తప్పినట్టు. తప్పితే బల్ల కాడికి రానిచ్చేది లేదు."

"నా మొగుడు లేడు, నా పిల్ల లేదు. ఆ బల్ల ఒక్కటే నాకుంది మరిదీ. అది నీకు తెల్సు."

"తెల్సు. అందుకే సెప్తన్నాను, ఎల్లకు."

"ఎల్తాను" అంది బొడ్డమ్మ.

ప్రభువు పేర రొట్టె విరిచి గిన్నె అందించే బల్ల దగ్గర మా పేటలో అందరూ సమానమే. ఊళ్లో ఎక్కడా దొరకని ఆ మాట అక్కడ దొరికేది. దాన్నుంచి ఆమెను మా తాత దూరం పెట్టాడు. ఆ రోజు నుంచి పెంతెకొస్తు దాకా ఆమె గుడిపాక వాకిట్లోనే కూర్చుని, లోపలివాళ్లు పాడే పాటల్ని బయటనుంచే పాడింది.

మర్నాడు ఆమె తోటకు వెళ్లి వరసవరసా చూసుకుంది. అప్పటికి అన్నీ వాడి ఉన్నాయి గాని బతికే ఉన్నాయి. ఒక్కతే రోజుకు ఎన్ని కడవలు మొయ్యగలదో మోసి చూసింది. కంబారితనం అయ్యాక పొద్దు ఉన్నంతసేపూ, మళ్లీ తెల్లారగట్ల కాసేపూ మోస్తే నలభై. మొక్కకు మూడు రోజులకొక కడవ చాలు, చావకుండా ఉంటుంది. అంటే నూట ఇరవై. ఎస్టేటు షరతుకు కావలసినవి సరిగ్గా అన్నే. మిగతా అరవై వదిలెయ్యాలి.

పెంతెకొస్తుకు ముందు మేడగదిలో కూడుకున్నవాళ్లు కూడా నూట ఇరవై మందే అని మా పాస్టర్లు ఈ కథ విని మురిసిపోతుంటారు. బొడ్డమ్మకు ఆ లెక్క తెలియదు. ఆమెకు తెలిసింది ఎస్టేటు లెక్క.

ఆ అరవై ఎవరివి? ఆమె మొదట వదిలింది తన ఇరవై. దిబ్బ నెత్తిన ఉన్నాయి, ఒక్కొక్క కడవకూ ఎక్కిదిగే శ్రమలో కింద రెండు మొక్కలకు పొయ్యొచ్చు. మిగతా ఎనిమిది ఇళ్లవీ ఐదేసి చొప్పున, బక్కగా ఉన్నవాటిని ఏరి వదిలింది. ఏ ఇల్లూ పూర్తిగా చచ్చిపోకూడదని అలా చేసింది. తన మొక్కల మీద కట్టిన తాటాకు నీడలు కూడా పీకి కిందివాటికి కట్టింది.

"ఏడుపొచ్చినాదా బొడ్డమామ్మా?" అని నేను ఒకసారి అడిగాను.

"రాదేటి? రెండేళ్లు పెంచినాను. వారం రోజులు పైకి సూడకుండా నీళ్లు మోసినాను. ఆ తరవాత ఎండిపోనాయి. ఇంక సూసినా బెంగ లేదు" అంది.

మొదట నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని మోసింది. నడుం పట్టేసింది. అప్పుడు చూరులోంచి పోలయ్య కావిడి తీసింది. మా వైపు ఆడవాళ్లు కావిడి ఎత్తరు. పొలాలకు పోయే ఊరివాళ్లు చూసి నవ్వారు. పేటవాళ్లు నవ్వలేదు, అసలు చూడలేదు. తోటవైపు చూస్తే ఉప్పుస్తంభాలవుతారు కదా. తన వరస కోసం, తన కడుపు కోసం సంఘం మాట తప్పిందని మాత్రం అనుకున్నారు. చెలమ దగ్గర్నుంచి ఆమె ఎవరి మొక్కలకు నీళ్లు మోస్తోందో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పనూ లేదు.

వైశాఖం వచ్చేసరికి చెలమలో ఊట దిగిపోయింది. రోజూ లోపలికి దిగి చేత్తో ఇసక తోడితే గాని కడవ మునిగేది కాదు. పారతో తీస్తే ఒడ్డు కూలిపోతుందని దోసిళ్లతోనే తీసేది. వేళ్ల చివరలు పుండ్లు పడి, మళ్లీ గట్టిపడ్డాయి. ఒక మొక్క మా తాత వరసలో పోయింది. వదిలేసిన ఐదింట్లో మొవ్వు ఇంకా పచ్చగా ఉన్నదాన్ని వెతికి, దానికి రోజూ కడవ పోసి లేపింది. లెక్క నూట ఇరవై దగ్గరే నిలబెట్టింది.

పెంతెకొస్తు ఆదివారం వచ్చింది. బొడ్డమ్మ అర్ధరాత్రే లేచి తెల్లారేలోగా నలభై మొక్కలకూ పోసి, తలంటుకుని, ఉతికిన కోక కట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లింది. పేటంతా అక్కడే ఉంది. తెల్లటి బట్టలు, పాటలు, ఉపవాసం. వెలివేసిన మనిషి కాబట్టి ఆమె యాభై అడుగుల దూరంలో కూర్చుంది. అందరూ ఆకాశం చూస్తుంటే ఆమె నీళ్లు చూసింది. పొద్దు నెత్తిమీదికి వచ్చింది, వాలింది. పిల్లలు ఆకలికి ఏడ్చారు. పడమర తోటల మీద పొద్దు దిగిపోయే దాకా ఎవరూ కదల్లేదు. తరవాత ఒక్కొక్కరే లేచి, పక్కవాడి మొహం చూడకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. బొడ్డమ్మ అందరికన్నా ఆఖరున లేచింది. ఆ రోజు ఆమె కూడా ఓడిపోయిందని నేననుకుంటాను. సముద్రం పిల్లను ఇవ్వలేదు.

సోమవారం పేటలో తలుపులు తెరుచుకోలేదు. మంగళవారం అమీను వస్తాడని అందరికీ గుర్తుంది. గుర్తుండబట్టే తెరుచుకోలేదు. బొడ్డమ్మ చెలమ దగ్గరకు వెళ్లేసరికి ఉపదేశి సమాధానం గారు ఒడ్డున కూర్చుని ఉన్నారు. పలక పక్కన పడి ఉంది. ఆయనే మాట్లాడారు.

"నా కొడుకును చూడాలనుకున్నానమ్మా. అందుకే తొందరపడ్డాను. నేను ప్రభువు కోసం లెక్కవేశాననుకున్నాను. వాడి కోసం వేశాను."

"నానూ నా పిల్ల కోసమే నమ్మినాను అయ్యగారూ."

"ఆయన రాడంటావా?"

"ఎందుకు రాడు? వత్తాడు. మీ లెక్కకి రాలేదు, అంతే." ఆమె కావిడి ఆయన ముందు పెట్టింది. "ఈయాల నలభై ఉన్నాయి. ఎత్తండి."

ఆయన ఎత్తారు. పుస్తకాల సంచీ తప్ప మొయ్యని భుజం. పది అడుగులు వేశాక కావిడి ఒరిగి ఒక కడవ పగిలింది. ఆయన వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టారు.

"లెక్క పోతే మళ్లీ కట్టుకోవచ్చు గాని కడవ పోతే ఎలగయ్యా" అని విసుక్కుని, ఆమె ఇంటికి పోయి ఇంకో కడవ తెచ్చింది. ఆ రోజు ఇద్దరూ మోశారు. ఆయన ఆ తరవాత ఎక్కడా తారీకులు చెప్పలేదని విన్నాను.

మంగళవారం పొద్దున్నే అమీను బండి దిగాడు. కరణం వెంట ఉన్నాడు. పేటవాళ్లు వెనకాల తలలు వంచుకుని వచ్చారు. దిబ్బ మీద ఎండుకట్టెలు తప్ప ఏమీ ఉండవనీ, సాయంత్రానికి ఆ నేల పోతుందనీ అందరికీ ఖాయమే. తోట గట్టెక్కి మొదట తల ఎత్తింది మా అవ్వ, తాత భార్య. అక్కడక్కడ ఎండినవి పోను, కిందినుంచి పై దాకా వరసలు పచ్చగా ఉన్నాయి. దిబ్బ నెత్తిన ఒక్క వరస మాత్రం ఎండి, ఆకులు రాలి, మోడై ఉంది. అది ఎవరిదో అందరికీ తెలుసు, చీట్లు వేసుకున్నది వాళ్లే.

అమీను లెక్క పెట్టాడు. నూట పంతొమ్మిది దగ్గర ఆగి, ఒక మొక్కను చూపించి ఇది చచ్చిందన్నాడు. మా తాత వరసలోదే. చుట్టూ ఆకులు ఎండిపోయాయి. బొడ్డమ్మ ముందుకు వచ్చింది.

"మొవ్వు పట్టి లాగండి బాబూ. సేతికొచ్చీత్తే సచ్చినట్టు."

అమీను మొవ్వు పట్టి లాగాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. రాలేదు. నూట ఇరవై అని కరణం రాసుకున్నాడు. ఎవరో బిగ్గరగా ఏడ్చారు.

కరణం ఇంటి పేర్ల ప్రకారం వరసలు చదివాడు. ఎనిమిది ఇళ్లకూ తలా పదిహేను. ఆఖర్న ఆగాడు.

"బొడ్డమ్మ, పోలయ్య పెళ్లాం. ఇరవైలో ఒక్కటీ లేదు. మొక్క లేనివాళ్లకు నేలలో వాటా లేదు. ఈ పేరు కొట్టేస్తున్నా."

అప్పుడు మా తాత ముందుకు వచ్చాడు.

"కొట్టకండి బాబు. బతికినయ్యన్నీ ఆవిడియ్యే. సచ్చినయ్యి మాయి."

"ఈ వరస నీది కాదా?"

"నాటింది నానే. సావనొగ్గీసింది కూడా నానే. ఈ యేడు ఒక్క కడవ నీళ్లు మోయనేదు. మోసినావిడిని బల్ల కాడినించి లేపీసినాను. నా పదిహేనూ ఆవిడ పేర రాసీండి."

వెనకనుంచి ఇంకొకరు అదే మాట అన్నారు, తరవాత ఇంకొకరు. అమీనుకు విసుగొచ్చింది. ఒక్క మనిషి పేర నూట ఇరవై ఎలా రాయాలి, మిగతా పేర్లు ఏం చేయాలి అని కరణం మీద అరిచాడు. అరవడం అయ్యేదాకా బొడ్డమ్మ ఆగింది.

"ఎవులి పేరూ కొట్టొద్దు బాబూ. నాకు అంత నేలెందుకు? తొమ్మిదిళ్లోలూ కలిసి దున్నిన దిబ్బ ఇది. వరసలు తీసీసి ఒక్కటిగా రాసీండి, తొమ్మిది పేర్లూ. ఆ పై వరస మళ్లీ నాటుకుంటాం. దిబ్బకి ఉత్తరం కొస మట్టుకు మొక్కెయ్యం. అది సచ్చిపోనోలకి."

అమీను ఆ మాట రాయించాడు. వేలిముద్రలకు పిలిచాడు. మొదటి పేరు ఆమెదే పెట్టమన్నాడు మా తాత. ఆమె వచ్చి సిరాలో బొటనవేలు ముంచి కాగితం మీద అద్దింది. గీతలు పడలేదు. తుడిచి మళ్లీ అద్దమన్నాడు కరణం. మళ్లీ నల్లటి మచ్చే పడింది. మూడోసారీ అంతే. చెలమలో ఇసక తోడీ తోడీ ఆ వేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. సాక్షి వేలిముద్ర ఉంటే చాలులే అన్నాడు అమీను. మా తాత తన బొటనవేలు ముంచి ఆమె మచ్చ పక్కన అద్దాడు. ఆయన వేలికి గీతలన్నీ ఉన్నాయి.